ఊళ్ల లెక్క తగ్గితేనే ఆల్ప్స్ దక్కేది

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయంటే హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ట్రావెల్ ఏజెంట్ల కరపత్రాల నిండా యూరప్ పరుచుకుంటుంది. పది రోజులు, ఆరు దేశాలు. పారిస్‌లో రెండు రాత్రులు, ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒకటి, దారిలో జర్మనీ, చివరికి రోమ్. నడుమ స్విట్జర్లాండ్‌కు మూడు రాత్రులు. ఆ మూడు రాత్రుల మధ్య మిగిలే రెండు పగళ్లలో ఒకటి టిట్లిస్‌కు, ఇంకొకటి యుంగ్‌ఫ్రౌకు. ఏ తేదీన ఏ కొండ ఎక్కాలో నెలల ముందే అచ్చయిపోతుంది. ఆ రోజు కొండ మీద ఎండ కాస్తుందా, మబ్బు కమ్ముతుందా అన్నది మాత్రం ఎవరి చేతిలోనూ ఉండదు.

ఆల్ప్స్ ప్రయాణం చెడేది ఇక్కడే. స్విట్జర్లాండ్ వెళ్లాలనుకున్న కుటుంబం ముందు ఊళ్ల జాబితా రాసుకుంటుంది, తర్వాత వాటికి రోజులు పంచుతుంది, ఆఖరి వారంలో హడావుడిగా పెట్టెలు సర్దుతుంది. వాతావరణం సంగతి దిగాక చూసుకోవచ్చులే అనుకుంటుంది. ఈ వరస తిరగబడాలి. కొండల దేశంలో రోజు ఎలా గడవాలో తేల్చేవి ఋతువు, ఎత్తు, మబ్బు. వాటికి వీలుగా ఒకే లోయలో వారం రోజులు ఉండేటట్టు, మనిషికొక చిన్న పెట్టె మించకుండా ప్రయాణం కట్టుకుంటేనే పెట్టిన ఖర్చు దక్కుతుంది. లేకపోతే లక్షలు పోసి బస్సు అద్దాల్లోంచి పొగమంచు చూసి రావడమే అవుతుంది.

యుంగ్‌ఫ్రౌనే తీసుకుందాం. యుంగ్‌ఫ్రౌయోఖ్ స్టేషన్ సముద్ర మట్టానికి 3,454 మీటర్ల ఎత్తున ఉంది. ఐరోపాలో ఇంతకంటే ఎత్తయిన రైల్వే స్టేషన్ లేదు. 1896లో పని మొదలుపెట్టి, ఐగర్, మోంఖ్ కొండల కడుపులోంచి సొరంగం తొలిచి, 1912లో రైలును అక్కడిదాకా తెచ్చారు. ఆకాశం తేటగా ఉన్న రోజు పైకి వెళితే, ఆల్ప్స్ మొత్తంలో అతి పొడవైన ఆలెచ్ హిమానీనదం కళ్లెదుట ఇరవై కిలోమీటర్లకు పైగా సాగిపోతూ కనిపిస్తుంది. మబ్బు దిగిన రోజు వెళితే పక్కనున్న మనిషి కూడా మసకగానే కనిపిస్తాడు. టికెట్ ధర రెండు రోజులకూ ఒకటే. రాయితీలేవీ లేకపోతే ఇంటర్లాకెన్ నుంచి రానుపోను మనిషికి 200 ఫ్రాంకుల పైమాటే. ఫ్రాంకు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో భార్యాభర్తలిద్దరికే నలభై వేలు దాటుతుంది. అంత సొమ్ము పెట్టేముందు ఆ ఉదయం కొండ ఎలా ఉందో చూసుకోవాలి కదా!

చూసుకోవడం కష్టమేమీ కాదు. స్విస్ కొండ రైళ్లు, రోప్‌వేలు దాదాపు అన్నీ శిఖరాల మీద కెమెరాలు పెట్టి, దృశ్యాలను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తాయి. ఉదయం ఆరున్నరకు కాఫీ కప్పు పక్కన పెట్టుకొని ఫోన్‌లో ఆ బొమ్మ చూస్తే చాలు. శిఖరం మీద నీలి ఆకాశం ఉంటే టికెట్ కొనుక్కొని బయల్దేరవచ్చు. తెల్లగా అలికేసినట్టుంటే ఆ రోజుకు సరస్సు మీద పడవ, లోయలో నడక. అన్నిటికంటే ముఖ్యం, లోయలో మబ్బు పట్టినంత మాత్రాన పైన కూడా అలాగే ఉంటుందనుకోకూడదు. శరత్కాలంలో, చలికాలంలో లోయలన్నీ మంచుతెరల కింద మునిగి ఉన్నప్పుడు పైన శిఖరాలు ఎండలో మెరుస్తుంటాయి. కిటికీలోంచి చూసి ‘ఇవాళ వద్దులే’ అనుకున్నవాళ్లు మంచి రోజును చేజార్చుకుంటారు. స్విస్ వాతావరణ శాఖ ‘మెటియోస్విస్’ యాప్ కూడా ఉచితమే.

ఈ వెసులుబాటు ఒకే చోట మకాం వేసినవాళ్లకే ఉంటుంది. ఇంటర్లాకెన్‌కు ఇరవై నిమిషాల రైలు దూరంలో ఉన్న లౌటర్‌బ్రునెన్ లోయను చూస్తే సంగతి అర్థమవుతుంది. నిట్టనిలువు రాతిగోడల మధ్య పరుచుకున్న ఆ లోయలో జలపాతాలు 72 అని చెబుతారు. ఊరి పక్కనే స్టౌబాఖ్ జలపాతం దాదాపు 300 మీటర్ల పైనుంచి దూకుతుంది. ఇంకొంచెం లోపలికి వెళితే ట్రుమెల్‌బాఖ్. ఐగర్, మోంఖ్, యుంగ్‌ఫ్రౌ కొండల మీది మంచు కరిగిన నీరంతా కొండ లోపల్నుంచే, సెకనుకు 20,000 లీటర్ల దాకా ఉరకలెత్తుతుంది. అక్కడికి నాలుగేళ్లలోపు పిల్లలను అనుమతించరు. ఒక పక్క గట్టు మీద మ్యూరెన్, ఇంకో పక్క గట్టు మీద వెంగెన్ అనే ఊళ్లున్నాయి. రెండింటిలోనూ పర్యాటకుల కార్లకు చోటు లేదు. రైలు, రోప్‌వే తప్ప దారి లేదు. ఈ ఒక్క లోయలో వారం పాటు రోజుకో తీరుగా గడపవచ్చు. వాన రోజుకు ట్రుమెల్‌బాఖ్, ఎండ రోజుకు యుంగ్‌ఫ్రౌ, ఓపిక లేని రోజుకు బ్రియెంజ్ సరస్సు మీద పడవ. మకాం మారాల్సిన పనే లేదు.

పెట్టె బరువు తెలిసొచ్చేది ఇలాంటి ఊళ్లకు వెళ్లేటప్పుడే. జ్యూరిక్ విమానాశ్రయం కిందే రైల్వే స్టేషన్ ఉంటుంది. అక్కడ రైలెక్కి బెర్న్ మీదుగా ఇంటర్లాకెన్ ఓస్ట్, అక్కడ మారి లౌటర్‌బ్రునెన్, అక్కడ రోప్‌వేలో గ్రూచాల్ప్, అక్కడ మళ్లీ చిన్న రైలెక్కితే మ్యూరెన్. రైళ్లు నిమిషం తప్పకుండా నడుస్తాయి. 1982 నుంచి దేశమంతా గంట గంటకూ ఒకే నిమిషానికి రైలు వచ్చేలా వేళల పట్టిక కట్టారు కాబట్టి, ఒక రైలు దిగి ఇంకోటి ఎక్కడానికి చాలాచోట్ల దొరికేది ఐదారు నిమిషాలే. కూలీలు ఉండరు. నలుగురు మనుషులు, నాలుగు పెద్ద సూట్‌కేసులు, రెండు చేతిసంచులు, మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ. ప్లాట్‌ఫారం మారేలోపు రైలు కదిలిపోతుంది. పెద్ద స్టేషన్లలో సామాను అప్పగిస్తే గమ్యం ఉన్న స్టేషన్‌కు చేర్చే ఏర్పాటు ఉంది గానీ, అందడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. తప్పనిసరైతే ఆ సౌకర్యం వాడుకోవచ్చు. చేత్తో ఎత్తి రైలు మెట్టెక్కించగలిగినంత పెట్టె తీసుకెళ్లడం అంతకంటే తేలిక.

పెట్టె చిన్నదైతే చలికి సరిపడా బట్టలు ఎలా అని అడుగుతారు. చలికి మందపాటి కోట్లు నాలుగు కంటే పలచటి పొరలు మూడే మేలు. వెయ్యి మీటర్లు ఎక్కేకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు పడిపోతుంది. ఇంటర్లాకెన్ ఉన్నది 567 మీటర్ల ఎత్తున, హైదరాబాద్‌కు కొంచెం అటూఇటూగా. కింద 22 డిగ్రీల ఎండ కాస్తుంటే యుంగ్‌ఫ్రౌయోఖ్ దగ్గర మూడు నాలుగు డిగ్రీలే ఉంటుంది. గాలి వీస్తే చలి ఇంకా కొరుకుతుంది. అంటే ఒకే రోజులో జూబ్లీహిల్స్ చలికాలపు పగలును, మంచుకొండల గాలిని రెండింటినీ మోయాలి. ఒంటికి అంటుకునే థర్మల్ ఒకటి, దాని మీద ఫ్లీస్ లేదా ఉన్ని స్వెటర్, పైన వాననూ గాలినీ ఆపే జాకెట్. వేడెక్కితే ఒక్కోటీ తీసేయవచ్చు. ఈ మూడూ ఉంటే మే నుంచి సెప్టెంబరు దాకా ఎక్కడికైనా చాలు. జీన్స్, నూలు చొక్కాలు తడిస్తే ఒంటికి అతుక్కొని ఆరవు. లోపలి పొరకు అవి పనికిరావు.

చెప్పుల దగ్గర రాజీ పడితే కాళ్లు విరగ్గొట్టుకోవాల్సిందే. పైన నడిచేది గట్టిపడిన మంచు మీద, మంచును తొలిచిన గుహల్లో. నున్నటి అడుగున్న బూట్లు, శాండల్స్ జారిపోతాయి. అడుగున గాడులున్న బూట్లు కొని, ప్రయాణానికి నెల ముందు నుంచే రోజూ వేసుకొని నడవాలి. కొత్త బూట్లను విమానాశ్రయంలోనే మొదటిసారి తొడిగితే రెండో రోజుకే మడమలు బొబ్బలెక్కుతాయి. చీర మానడం ఇష్టం లేని పెద్దవాళ్లు లోపల ఉన్ని లెగ్గింగ్స్ వేసుకొని, చీరను చీలమండల పైకి కట్టుకొని బూట్లు తొడుక్కుంటే సరిపోతుంది. ఇక నల్లకళ్లద్దాలు. ఫొటో కోసం పెట్టుకునే వస్తువు అనుకోవద్దు. వెయ్యి మీటర్లకు పది శాతం చొప్పున అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, తాజా మంచు వాటిలో 80 శాతం దాకా తిప్పికొడుతుంది. చల్లగానే ఉందని ముఖానికి సన్‌స్క్రీన్ రాసుకోనివాళ్ల ముక్కు, చెంపలు సాయంత్రానికి కమిలిపోతాయి.

మంకీ క్యాప్, చేతి తొడుగులు, రోజూ వేసుకునే మందులు, ఛార్జర్. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్‌లో దూరదు, సన్నటి రెండు పిన్నులది దూరుతుంది. ఒక్క అడాప్టర్ చాలు. అంతకుమించి సర్దినదంతా మోత చేటే.

తెలుగువారి పెట్టెలో సగం బరువు తిండిదే. తిండి తీసుకెళ్లడంలో తప్పేమీ లేదు. అక్కడి హోటల్లో మామూలు భోజనం ఖరీదు తెలిసినవాళ్లెవరూ దాన్ని తప్పనలేరు. కానీ ఏది తీసుకెళ్లాలో తెలియాలి. ఐరోపా వెలుపలి నుంచి వచ్చే ప్రయాణికులు మాంసం, పాలతో చేసిన పదార్థాలు స్విట్జర్లాండ్‌లోకి తేకూడదు. కోడి పచ్చడి, మటన్ పచ్చడి, నెయ్యి సీసా, పాలకోవా ఈ నిషేధం కిందికే వస్తాయి. మార్గమధ్యంలో ఫ్రాంక్‌ఫర్ట్‌లాంటి చోట ఐరోపాలో అడుగుపెట్టినా నియమం ఇదే. ధ్రువీకరణ పత్రం లేకుండా పచ్చి కరివేపాకు, మామిడికాయలు కూడా తీసుకెళ్లకూడదు. కస్టమ్స్ వాళ్లు పట్టుకుంటే చెత్తబుట్ట పాలవుతాయి, జరిమానా కూడా పడవచ్చు. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, గోంగూర, చింతపండు గుజ్జు నిక్షేపంగా వెళతాయి. బియ్యం, పాలు, పెరుగు, టమాటా, ఉల్లిపాయలు మీగ్రో, కోప్ సూపర్‌మార్కెట్లలో దొరుకుతాయి. వాటిని ఇక్కడి నుంచి మోయక్కర్లేదు. ఆదివారం మాత్రం పెద్ద స్టేషన్లలో తప్ప చాలాచోట్ల దుకాణాలు మూసే ఉంటాయి. శనివారం సాయంత్రానికే సరుకులు తెచ్చుకోవాలి. కుళాయి నీళ్లు తాగడానికి శుభ్రమైనవే కాబట్టి సీసాల నీళ్లు కొనడం దండగ.

హోటల్ గదిలో దొంగచాటుగా రైస్‌కుక్కర్ పెట్టి, పొగ గంట మోగి, గొడవై మాట పడటం కంటే వంటగది ఉన్న అద్దె ఇల్లు తీసుకోవడం గౌరవంగా ఉంటుంది. ఆల్ప్స్ ఊళ్లలో ఇలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి. ఎక్కువ చోట్ల శనివారం నుంచి శనివారం దాకా వారం లెక్కన ఇస్తారు. ఇద్దరు అన్నదమ్ముల కుటుంబాలు కలిసి తీసుకుంటే హోటల్ గదుల కంటే చవకే పడుతుంది. వంటకు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1,638 మీటర్ల ఎత్తున్న మ్యూరెన్‌లో నీళ్లు 95 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మన తూర్పు కనుమల్లో అన్నిటికంటే ఎత్తయిన శిఖరాలు దాదాపు ఆ ఎత్తులోనే ఆగిపోతాయి. అక్కడ అదొక ఊరు. కందిపప్పు నానబెట్టకుండా పొయ్యెక్కిస్తే ఎంతకీ ఉడకదు. పొయ్యి ఇండక్షన్‌దైతే అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. ముందే ఇంటివాళ్లను అడగాలి. రాత్రి పది దాటాక నిశ్శబ్దం పాటించాలన్న నియమం అక్కడ గట్టిగా అమలవుతుంది. గట్టిగా మాటలు, టీవీ మోత, పిల్లల పరుగులు అప్పటికి ఆగిపోవాలి.

ఆరోగ్యం విషయంలో కరపత్రాలు మౌనంగా ఉండటం క్షమించరానిది. ఇంటర్లాకెన్‌లో రైలెక్కిన మనిషి రెండు గంటలు తిరగకుండానే 3,454 మీటర్ల ఎత్తుకు చేరుతున్నాడు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు సముద్ర మట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. తల దిమ్ముగా ఉండటం, వికారం, నాలుగు మెట్లకే ఆయాసం చాలామందికి వస్తాయి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు ముందు వైద్యుడిని అడిగి తీరాలి. పైన నెమ్మదిగా నడవాలి, నీళ్లు తాగుతూ ఉండాలి, ఒంట్లో బాగుండకపోతే వెంటనే కిందికి దిగాలి. పెద్దవాళ్లకు మంచు శిఖరాలు చూపించాలంటే అంత ఎత్తుకే తీసుకెళ్లనక్కర్లేదు. లూసెర్న్ దగ్గరి రిగి కొండ ఎత్తు 1,798 మీటర్లు. ఐరోపాలో మొట్టమొదటి పళ్లచక్రాల కొండ రైలు 1871లో నడిచింది అక్కడే. దేశమంతా తిరగడానికి పర్యాటకులు కొనే స్విస్ ట్రావెల్ పాస్ ఉన్నవాళ్లకు ఆ రైలు ఉచితం. బెంచీ మీద కూర్చుంటే ఆల్ప్స్ శ్రేణి బారులు తీరి కనిపిస్తుంది.

మందులు నెల రోజులకు సరిపడా, వైద్యుడి చీటీతో సహా తీసుకెళ్లాలి. మన దగ్గరిలా చీటీ లేకుండా యాంటీబయాటిక్ అక్కడ ఇవ్వరు. వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అందులో కొండల మీద రక్షణ చర్యల ఖర్చు కలిసి ఉందో లేదో చదివి చూడాలి. అంబులెన్స్‌కు 144, హెలికాప్టర్ రక్షణకు 1414 నంబర్లు ఫోన్‌లో వేసి ఉంచుకోవాలి.

తెలుగు రాష్ట్రాల బడి సెలవులు ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా. ఆల్ప్స్‌లో అది స్కీయింగ్ ముగిసి, ఎండాకాలం ఇంకా మొదలవని సంధికాలం. ఏప్రిల్ చివర, మే మొదట్లో చాలా రోప్‌వేలను మరమ్మతుల కోసం ఆపేస్తారు. ఫుర్కా, సుస్టెన్‌లాంటి కనుమ దారులు మే చివరకో జూన్‌కో గానీ తెరుచుకోవు. ఎత్తయిన కాలిబాటలు మంచు కిందే ఉంటాయి. యుంగ్‌ఫ్రౌ, జెర్మాట్‌లోని గోర్నర్‌గ్రాట్ రైళ్లు ఏడాదంతా నడుస్తాయి కాబట్టి మంచుకు లోటు లేదు. మంచు కరిగే కాలం కావడంతో జలపాతాలు నిండుగా ఉరుకుతుంటాయి. కాబట్టి మేలో వెళ్లేవాళ్లు లోయలు, సరస్సులు, జలపాతాలు ప్రధానంగా పెట్టుకోవాలి. పచ్చిక మైదానాల్లో మెడ గంటలు మోగించుకుంటూ ఆవులు మేసే దృశ్యం కావాలంటే జూన్ రెండో వారం దాటాలి. పిల్లల చదువులతో పనిలేని పెద్దలకు సెప్టెంబరు శ్రేష్ఠం.

కొండ మీద కాస్త నడవకుండా వచ్చేస్తే ఆల్ప్స్ చూసినట్టే కాదు. దేశమంతా 65,000 కిలోమీటర్ల కాలిబాటలున్నాయి. దారి చీలిన ప్రతిచోటా పసుపు రేకు ఉంటుంది. దాని మీద ఊరి పేరు, ఎదురుగా 1 గం. 30 ని. అని ఉంటుంది, కిలోమీటర్లు ఉండవు. చదునుదారిలో గంటకు 4.2 కిలోమీటర్ల నడకను బట్టి, ఎత్తుపల్లాలు కలిపి, ఎక్కడా ఆగకుండా నడిస్తే పట్టే సమయమది. పిల్లలు, పెద్దలు ఉంటే దానికి సగం కలుపుకోవాలి. ఉట్టి పసుపు గుర్తు అందరికీ. తెలుపు, ఎరుపు, తెలుపు పట్టీలున్న దారి అలవాటున్నవాళ్లకే. తెలుపు, నీలం, తెలుపు దారి జోలికి వెళ్లకూడదు.

దారి మూసేశామని బోర్డు కనిపిస్తే మారుమాట లేకుండా వెనుదిరగాలి. 2025 మే 28న లోట్షెన్ లోయలో బిర్చ్ హిమానీనదం విరిగిపడి బ్లాటెన్ ఊరిని దాదాపుగా పూడ్చేసింది. కొద్ది రోజుల ముందే హెచ్చరించి, సుమారు 300 మంది గ్రామస్తులను ఖాళీ చేయించారు కాబట్టి పెద్ద ప్రాణనష్టం తప్పింది. తాతల నాటి నుంచి అక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఒక్క మాటకు ఇళ్లు వదిలారు. రెండు రోజులకు వచ్చిన అతిథి తాడు దాటి సెల్ఫీకి వెళ్లడం ఎంతమాత్రం తగదు. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు తమ పరిమాణంలో పదో వంతు కోల్పోయాయి. మంచు కరిగినచోట కొండ పట్టు సడలుతోంది.

ఉరుకులు పరుగుల పర్యటనల భారం ఆ ఊళ్ల మీదా పడుతోంది. బ్రియెంజ్ సరస్సు ఒడ్డున ఇసెల్ట్‌వాల్డ్ అనే చిన్న ఊరుంది. ఒక కొరియన్ సీరియల్‌లో అక్కడి చెక్క జెట్టీ కనిపించడంతో జనం పోటెత్తారు. ఫొటో తీసుకొని పది నిమిషాల్లో బస్సెక్కేవాళ్ల తాకిడి తట్టుకోలేక 2023లో జెట్టీకి గేటు పెట్టి ఐదు ఫ్రాంకులు వసూలు చేయడం మొదలుపెట్టారు. పగటిపూట వచ్చిపోయేవాళ్ల మీద రుసుము వేయాలన్న ఆలోచన లౌటర్‌బ్రునెన్‌లోనూ నడిచింది. ఊళ్లో వారం ఉండి, అక్కడి దుకాణంలో పాలు, రొట్టె కొనుక్కొని, పక్కింటివాళ్లకు నమస్కారం పెట్టే కుటుంబం మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. అలాంటివాళ్లకు ఇంటర్లాకెన్‌లాంటి ఊళ్లు స్థానిక బస్సుల్లో ఉచితంగా తిరిగే అతిథి కార్డు కూడా ఇస్తాయి.

ఇదంతా ప్యాకేజీ టూర్లను తిట్టడానికి కాదు. భాష రాని దేశంలో, వయసు మళ్లినవాళ్లకు, మొదటిసారి వెళ్లేవాళ్లకు బృందంతో వెళ్లడం కొండంత ధైర్యం. స్విట్జర్లాండ్‌కు ఈ తరహా ప్రయాణం నేర్పింది ఇంగ్లండ్ పర్యాటక వ్యాపారి థామస్ కుక్. 1863లో ఆయన తీసుకెళ్లిన మొదటి బృందంలోని వాళ్లు ఆల్ప్స్ చూడటానికి దాదాపు మూడు వారాలు పెట్టుకున్నారు. గెమ్మి కనుమను కాలినడకన, కంచరగాడిదల మీద దాటారు. రిగి మీద రాత్రి బస చేసి సూర్యోదయం చూశారు. ఆ పద్ధతిని మన ఏజెంట్లు మూడు రాత్రులకు కుదించారు. తెలుగు వంటవాళ్లను వెంట తీసుకెళ్లేంత శ్రద్ధ ఉన్న సంస్థలకు, ఒక లోయలో ఇళ్లు మాట్లాడి, ఆరు పగళ్లలో వాతావరణం బాగున్న రోజు చూసి శిఖరానికి తీసుకెళ్లడం చేతకాని పనేమీ కాదు. ఆరు దేశాలను రెండుకు తగ్గిస్తే బస్సు ఖర్చు, హోటళ్లు మారే ఖర్చు కూడా తగ్గుతుంది.

అందుకు ఒత్తిడి తేవాల్సింది ప్రయాణికులే. అడ్వాన్సు కట్టేముందు నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. కొండ మీదికి వెళ్లే రోజు మబ్బు పడితే బదులు రోజు ఉందా? ఎంత ఎత్తుకు తీసుకెళతారు, గుండె జబ్బున్నవాళ్లకు ఆ రోజు ఏం ఏర్పాటు? మొత్తం ప్రయాణంలో పెట్టెలు ఎన్నిసార్లు సర్ది మోయాలి? మే నెలలో ఆ రోప్‌వే నడుస్తుందా? స్విట్జర్లాండ్‌కు కావాల్సిన షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు, మార్చి వచ్చేసరికి అపాయింట్‌మెంట్లకు తాకిడి పెరుగుతుంది. సంక్రాంతికి కుటుంబమంతా ఒకచోట చేరినప్పుడే ఏ లోయ, ఏ వారం, ఎవరెవరు కలిసి ఇల్లు తీసుకోవాలన్నది తేల్చుకుంటే, జనవరి ఆఖరుకు ఇల్లు మాట్లాడుకొని, ఫిబ్రవరిలో వీసాకు వెళ్లి, మార్చి నుంచి కొత్త బూట్లతో నడక మొదలుపెట్టవచ్చు.